పైపులకు కట్టిన పీలికలు

నలుగురి ముందు మా బండి బానెట్ ఎత్తాల్సి వస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ముందు చుట్టూ ఎవరున్నారో చూసుకుంటాను, తర్వాతే రేకు మీద చెయ్యి వేస్తాను. పాడేరు జీపుల స్టాండులో ఉన్న బండ్లన్నీ డీజిలువి. మాది ఒక్కటే పెట్రోలు పికప్, అదీ కార్బురేటర్ కాలం నాటిది. ఒక కాఫీతోటలో మా నాన్న డ్రైవరుగా ఉన్నప్పుడు నడిపిన బండి. తోటవాళ్ళు కొత్తది కొనుక్కుని దీన్ని షెడ్డు వెనక పడేస్తే, ఆయన అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక నాకు మిగిలింది. హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివినవాణ్ణి, ఎవరో ఒకరు ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారనుకున్నాను. స్టీరింగు దొరికింది. స్టీరింగు దొరికినందుకు నాకు బాధ లేదు. అది ఈ బండిది అయినందుకే బాధ.

ఈ బండికి ఉన్న పెద్ద జబ్బు వాక్యూం పైపులు. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు ఒక లాగుడు పుడుతుంది కదా, ఆ లాగుడుతోనే ఇది సగం పనులు చేసుకుంటుంది. బ్రేకు మెత్తగా పడాలన్నా అదే, ఘాటీ ఎక్కుతున్నప్పుడు దమ్ము పోకుండా లాగాలన్నా అదే, మా చలిలో పొద్దున్నే ఆగకుండా నిలబడాలన్నా అదే. ఒక్కో పనికి ఒక్కో రబ్బరు పైపు. బ్రేకుది లావుగా ఉంటుంది కాబట్టి గుడ్డివాడైనా గుర్తుపడతాడు. మిగతావన్నీ చిటికెన వేలికన్నా సన్నవి, అన్నీ నల్లవి, అన్నీ ఒకేలాంటివి. కార్బురేటర్ పక్కన, కింద, చెయ్యి దూరని వెనకవైపు చిన్న చిన్న ముక్కులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఏ పైపు ఏ ముక్కుకి పోవాలో దానికే పోవాలి. ఒకటి ఊడినా, చీలినా, తప్పు ముక్కుకి తగిలించినా ఇంజను ఆ సందులోంచి అక్కర్లేని గాలి లాగుతుంది. మా నాన్న దాన్ని దొంగగాలి అనేవాడు. దొంగగాలి తాగిన ఇంజను పరిగెత్తినంతసేపు మామూలుగానే ఉంటుంది. ఏక్సిలేటరు మీంచి కాలు తీశామా, వణికి, దగ్గి, ఆగిపోతుంది.

మా ఆవిడది గూడెం కొత్తవీధి అవతల చిన్న ఊరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను రోజూ ఆ పైపులతో కుస్తీ పడుతూ ఉంటే గడపలో కూర్చుని చూసేది. ఒకరోజు వచ్చి పక్కన నిలబడింది. ఈ పని ఒక్కడివల్ల అయ్యేది కాదు. ఒకరు లోపల కూర్చుని ఏక్సిలేటరు తొక్కుతూ ఉండాలి, ఇంకొకరు ఒక్కో ముక్కునీ బొటనవేలితో మూసి చూడాలి. దొంగగాలి వస్తున్న చోట వేలు పెడితే ఇంజను మోత మారిపోతుంది. అప్పట్నుంచి వేలు ఆమెది, కాలు నాది. మొదటిసారి ఆ ముక్కు తన వేలిని లోపలికి లాగేసరికి ఉలిక్కిపడి, "ఇది సీకుతాందే, దూడ నోట్లో వేలెట్టినట్టుంది" అని నవ్వింది.

కొన్నాళ్ళకి ఆమెకి విసుగొచ్చింది. కార్బురేటర్ కడగడానికి విప్పినప్పుడల్లా ఏది ఎక్కడిదని మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. మా వైపు ఆడవాళ్ళు సంతకి కోళ్ళు తెచ్చేటప్పుడు ఎవరి కోడి కాలికి వాళ్ళ పాతచీర పీలిక కట్టుకుంటారు. తాడు తెంచుకుని పక్కవాళ్ళ బుట్టలో దూరినా పీలిక చూసి వెనక్కి తెచ్చుకుంటారు. నాది నల్లకోడి అని వాదిస్తే ఎవరూ వినరు, నల్లకోళ్ళు అందరికీ ఉంటాయి. పీలిక ఉంటే ఇక మాటలేదు. మా ఆవిడ అదే పని బండికి చేసింది. తన పాతచీరలు చింపి, పైపు కొసకి ఒక ముక్క, అది పోవాల్సిన ముక్కు మెడకి అదే రంగు ముక్క కట్టింది. ఒకటి వంకాయ రంగు, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పువ్వులది. పైన అడ్డతీగ నారతో బిగించి ముడేసింది. నిప్పంటుకుంటుందేమో అని నేను భయపడితే, "సెగ పోయే గొట్టం అటుపక్క కదా, ఇటు కాదు" అంది. నిజమే. ఆ తర్వాత చాలాకాలం ఆ బండి నన్ను ఏడిపించలేదు. పీలిక చూడ్డం, తగిలించడం, అంతే.

ఇంట్లో ఆ పీలికలంటే నాకు ముచ్చటగానే ఉండేది. స్టాండులో మాత్రం బానెట్ ఎత్తేవాణ్ణి కాదు. నీళ్ళు పోయాలంటే ఊరి బయటే పోసుకుని వచ్చేవాణ్ణి.

ఎండలు మొదలైన రోజుల్లో ఒకనాడు చింతపండు బస్తాలేసుకుని మేమిద్దరం పాడేరు వచ్చాం. ఘాటీలో వేడెక్కి స్టాండుకి చేరేసరికి ముందు నుంచి ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. ఎత్తక తప్పలేదు. ఎత్తానో లేదో, స్టాండులో అందరికన్నా పాత డ్రైవరు, మా నాన్నతో కలిసి తిరిగినవాడు, టీ గ్లాసు పట్టుకుని వచ్చి లోపలికి తొంగిచూశాడు. అందర్నీ పిలిచాడు.

"ఏట్రా ఇది? ఇంజనా, అమ్మోరి సెట్టా? ఇన్ని మొక్కుబడి పీలికలు కట్టినారు."

అందరూ వచ్చారు. ఒకడు పువ్వుల పీలిక పట్టుకుని, బండికి చీర పెట్టారు, ఇక గాజులు కూడా తొడగండి అన్నాడు. ఒకడు బండికి దిష్టి తగిలిందా అని అడిగాడు. పాత డ్రైవరు నా భుజం మీద చెయ్యేసి, "ఎవులు కట్టినారురా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. ఆ ముసలాయన అడిగిన తీరులో ఎగతాళి కన్నా తెలుసుకోవాలనే ఎక్కువుందని ఇప్పుడు అనిపిస్తుంది. నాకు మాత్రం అప్పుడు తల కొట్టేసినట్టయింది.

"నాకేం తెలుసు? పాతబండి కదా. ఎవరో బుర్రలేనోళ్ళు కట్టుంటారు" అన్నాను.

అని ఊరుకోలేదు. అన్నమాట నిజమని నమ్మించాలి కదా. ఒక పీలిక చేత్తో పీకాను. మిగతావాటి నార ముళ్ళు గట్టిగా ఉండి రాలేదు, ఎవరో బ్లేడిస్తే కోశాను. కోసి నేలమీద పారేశాను. అందరితోపాటు నవ్వాను కూడా. మా ఆవిడ బండిలోనే కూర్చుని ఉంది. కిటికీ అద్దం దించి ఉంది.

తిరుగు దారిలో నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది, నేను కూడా రెండు మాటలు అరిచి తేలికపడేవాణ్ణి. "బేగి పోనీ, మేకలు బయటున్నాయి" అన్న ఒక్క ముక్క తప్ప ఊరొచ్చేదాకా మాట లేదు. ఇంటికెళ్ళి వండింది, పెట్టింది. మర్నాడు పొద్దున్న చూస్తే సంచి సర్దుకుని ఉంది.

"ఇటుకల పండక్కి మాయమ్మ కాడికి ఎల్తన్నాను."

"పండగ ఇంకా చాలా దూరముంది కదా."

"ఉంటే దగ్గరకొత్తాది" అంది. బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్తున్నావని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు, తెలుసని ఆమెకీ తెలుసు.

ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే కార్బురేటర్‌లో మడ్డి చేరింది. విప్పకముందు తెలివిగా ఫోనులో ఫొటో తీసుకున్నాను. కడిగి, బిగించి, ఫొటో తెరిచి చూస్తే అందులో నల్లటి ఇంజను మీద నల్లటి పైపుల చిక్కు కనబడింది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎంత పెద్దది చేసి చూసినా తేలలేదు. ఫోనులో వీడియోలు వెతికాను. ప్రపంచంలోని బండ్లన్నీ ఉన్నాయి, మా బండి లేదు. పాడేరులో మెకానిక్ దగ్గరకెళ్తే, మొన్నటి పీలికలేవయ్యా అని మొదటి మాట అదే అడుగుతాడు. వెళ్ళలేదు. నాకు తోచిన పైపు నాకు తోచిన ముక్కుకి తగిలించాను.

స్టార్టయింది. కాలు తీస్తే ఆగింది. పైపులు మార్చి తగిలించాను, ఇంకా బేగి ఆగింది. చివరికి విసుగొచ్చి ఉన్నదాంతోనే నడపడం మొదలుపెట్టాను. ఎక్కడైనా ఆపాలంటే కుడికాలి వేళ్ళు బ్రేకు మీద, అదే కాలి మడమ ఏక్సిలేటరు మీద. బండి ఎక్కిన మనుషులు నా కాలు చూసి, ధింసా ఆడుతున్నావా అని నవ్వేవాళ్ళు. ఊళ్ళో దిగేవాళ్ళని నిలిచి దింపలేక నెమ్మదిగా పోనిస్తుంటే దూకేవాళ్ళు. ఒక ముసలమ్మ దూకనని మొండికేసి మా ఊరిదాకా వచ్చేసింది. ఆమెని మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళి దింపాల్సొచ్చింది. దారంతా నన్ను తిట్టింది. పడ్డాను.

మా ఆవిడ ఊళ్ళో సిగ్నలు సరిగా ఉండదు. ఎప్పుడు చేసినా మా అత్తగారే ఎత్తి, పొలానికెళ్ళింది అనేది. ఆ మాట చెప్పేముందు కాసేపు ఎవరితోనో గుసగుసలాడటం నాకు వినబడేది. ఇంట్లో ఒక్కణ్ణే అన్నం వండుకుని తింటూ, పండగ ఎప్పుడొస్తుందా అని చూశాను. పండగ అయిపోయినా ఆమె రాకపోతే ఏం చెయ్యాలి? ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. మా వైపు ఆడమనిషి పుట్టింటికెళ్ళి రాను అంటే రాదు, అక్కడితో సరి. బతిమాలి పంపించేవాళ్ళెవరూ ఉండరు. నాకు నిజంగా భయం పట్టుకుంది.

పండగ రోజు నేనే బయల్దేరాను. కొత్త నీలం గళ్ళ చొక్కా వేసుకుని, మెడలో ఎర్రతువ్వాలు వేసుకుని, తల దువ్వుకుని మరీ వెళ్ళాను.

ఇటుకల పండగ మా మన్యంలో చైత్రంలో వస్తుంది, ఆ రోజుల్లో మగాళ్ళు వేటకి పోవాలి. ఇప్పుడు అడవిలో దొరికేదేమీ లేదు, అయినా బాణాలు పట్టుకుని పోతారు. ఆడవాళ్ళకి ఊరు అప్పజెప్పినట్టే. వాళ్ళు రోడ్డుకి అడ్డంగా పెద్ద కర్ర పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండిని ఆపి పజోరు, అంటే పండగ మామూలు, అడుగుతారు. ఏదో ఒకటి ఇచ్చి కదలాలి. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగాడికి పేడనీళ్ళు. పెద్దవాడా, చిన్నవాడా, ఊళ్ళో గొప్పవాడా అని చూడరు. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణే. చూసి కూడా ఆ బండి వేసుకుని వెళ్ళాను చూడండి.

మలుపు తిరిగేసరికి కర్ర ఎదురొచ్చింది. పట్టుకున్నవాళ్ళలో ఒక కొసన మా ఆవిడ ఉంది. మడమ, వేళ్ళు అన్నీ మరిచిపోయి బ్రేకు తొక్కాను. ఇంజను ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగి ఆగిపోయింది. సరిగ్గా కర్ర ముందు. వెనకే బస్సొచ్చి ఆగింది. అక్కడ రోడ్డు సన్నం, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. నేను కదిలితేగాని బస్సు కదలదు. బస్సువాడు హారన్ కొట్టాడు. తాళం తిప్పాను, స్టార్టయింది, ఆగింది. మళ్ళీ తిప్పాను. బ్యాటరీ నీరసంగా మూలగడం మొదలుపెట్టింది.

ఆడవాళ్ళు బండి చుట్టూ చేరారు. వాళ్ళలో పెద్దావిడ, మా అత్తగారికి అక్క వరస, కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏటి తెచ్చినావు?"

నేనేం తేలేదు. ఆమెని తీసుకెళ్ళాలన్న ధ్యాసలో అరటిపండు కూడా తేలేదు. జేబు తడుముకుంటుంటే ఆవిడ వెనక్కి తిరిగి, కర్ర కొసన ఉన్న మా ఆవిణ్ణి అడిగింది.

"ఎవులే ఈ మనిసి? మన అల్లుడు కాడూ?"

మా ఆవిడ నావైపు చూడలేదు. బండిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"నాకేటి తెల్సు? పాతబండి కదా. ఎవులిదో" అంది.

నా మాటే. కాపాడి దాచుకుని, సరిగ్గా అదే గొంతుతో తిరిగిచ్చింది. మిగతా ఆడవాళ్ళకి అది అర్థం కాలేదు, నాకు అర్థమైంది.

ఎవరికీ కాని మనిషి, పజోరు ఇవ్వని మనిషి, వేట తేని మనిషి. బండి దిగి బానెట్ ఎత్తానో లేదో నా మీద బిందెడు కుమ్మరించారు. పేడ, మట్టి కలిపిన నీళ్ళు. కొత్త చొక్కా, దువ్విన తల, అన్నీ. బస్సులోవాళ్ళు దిగి వచ్చి వలయంగా నిలబడ్డారు. పిల్లగుంటలు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. అది సాయంత్రానికి పాడేరు స్టాండు చేరుతుందని అప్పుడే అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ పైపులు పట్టుకున్నాను. చేతులు జారుతున్నాయి. ఒకటి పీకి ఇంకోదానికి పెట్టడం, పోయి తాళం తిప్పడం, ఆగిపోతే మళ్ళీ రావడం. నేను అటు పరిగెత్తినప్పుడల్లా ఒక నవ్వు, ఇటు పరిగెత్తినప్పుడల్లా ఒక నవ్వు.

"ఎవరైనా కొంచెం లోపల కూచుని ఏక్సిలేటరు తొక్కండమ్మా" అని బతిమాలాను. ఎవరూ కదల్లేదు. పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఎవరు తొక్కేవారు, వాళ్ళని పిలుచుకో అంది.

"ఇన్నాళ్ళూ నేనే తొక్కేవాణ్ణి. పైపుల పని మా ఆవిడ చూసేది" అన్నాను. ఇంత దూరం వచ్చాక ఇక ఆపుకోలేకపోయాను. "ఏ పైపు ఎక్కడిదో తెలిసేలా ఆమె చీర పీలికలు కట్టింది. కోళ్ళకి కట్టినట్టు. పాడేరులో డ్రైవర్లు నవ్వితే, ఎవరో బుర్రలేనోళ్ళు కట్టారని చెప్పి కోసి పారేశాను. ఆమె బండిలో ఉండగానే అన్నాను. ఇప్పుడు ఒక్క పైపు కూడా నాకు తెలీడం లేదు."

నవ్వులు ఆగాయి. నాకు అదే ఎక్కువ భరించలేనిదిగా అనిపించింది. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారి నోరు మూసుకుని మనవైపు చూస్తే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. పీలిక పీకెయ్యడం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. సంతలో ఎదుటివాళ్ళ కోడికాలి పీలిక తెంపేవాణ్ణి మా వైపు దొంగంటారు.

మా ఆవిడ కర్ర కొస పక్కామెకి అందించింది. వచ్చి బానెట్ ముందు నిలబడింది. నన్ను చూసి కాదు, ఇంజనుని చూసి, "ఎల్లి తొక్కు" అంది.

వెళ్ళి కూర్చున్నాను. పైకెత్తిన రేకు అడ్డంగా ఉంది, ఆమె నాకు కనబడటం లేదు. కొంగు అంచు మాత్రం పక్కన ఊగుతోంది. ఇంజను తిప్పి నెమ్మదిగా తొక్కి పట్టుకున్నాను. ఏదో పీకింది, ఇంజను చచ్చింది. "ఇది కాదు" అని తనే నవ్వుకోవడం వినిపించింది. పండక్కి వచ్చినప్పట్నుంచి నేను విన్న మొదటి మంచిమాట అది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఏదో మార్చింది. ఉన్నట్టుండి నా కాలి కింద వణుకు పోయింది. కొద్దికొద్దిగా కాలు తీశాను. పూర్తిగా తీశాను. ఇంజను ఆగలేదు. ఆమె బొటనవేలు ఎక్కడో వెనకవైపు ఒక ముక్కు మూసి పట్టుకుని ఉంది. నేను ఒక పైపు అసలు తగిలించనే లేదట, ఆ ముక్కు ఇన్నాళ్ళూ నోరు తెరుచుకునే ఉందట.

"పీలికలు కావాలి" అంది, వేలు తియ్యకుండానే.

పెద్దావిడ తన కొంగు అంచు చింపబోయింది. మా ఆవిడ వద్దంది.

"ఈపాలి ఆడోళ్ళ బట్ట ఒద్దు. ఆ మనిసి సొక్కా తీమను."

తీశాను. నీలం గళ్ళ చొక్కా కొత్తది, పేడలో తడిసింది, అయినా బాగా చిరిగింది. ఒక రంగు చాలదు కాబట్టి ఎర్రతువ్వాలు అడిగింది. తర్వాత చేతిరుమాలు. నాలుగో పైపు మిగిలిపోయిందని బనీను. ఎండలో, నడిరోడ్డు మీద, మా అత్తారి ఊరి ఆడవాళ్ళందరి మధ్య చేతులు కట్టుకుని ఒట్టి ఒంటితో నిలబడ్డాను. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. గుంటలు ఇంకా వీడియో తీస్తూనే ఉన్నారు. మా ఆవిడ తీరిగ్గా ఒక్కో పైపుకీ, ఒక్కో ముక్కు మెడకీ నా బట్ట కట్టి, పంటితో ముళ్ళు బిగించింది.

కర్ర లేపారు. బండి పక్కకి తీస్తే బస్సు వెళ్ళిపోయింది. "ఎక్కు, ఇంటికెళ్దాం" అన్నాను.

"ఎక్కను."

"అందరి ముందూ చెప్పాను కదా."

"మా ఊళ్ళో సెప్పితే ఏటి? నా పీలిక ఏదో ఇక్కడ అందరికీ తెల్సు. నువ్వు తెల్దని అన్నది ఇక్కడ కాదు." చేతుల మడ్డి కొంగుకి తుడుచుకుంది. "సంతనాడు అల్లం బస్తాతో పాడేరు వస్తాను. ఎక్కడ అన్నావో అక్కడ సెప్పు, నాను ఇంటుండగా. సెప్పితే నీ బండెక్కుతాను. లేదంటే మా బస్సు అక్కడే ఆగుతాది."

ఒట్టి ఒంటితో ఘాటీ దాటి ఇంటికొచ్చాను. బండి మాత్రం ఎంత బాగా నడిచిందో.

సంతరోజు స్టాండుకి వెళ్ళేసరికి వాళ్ళు నాకోసమే ఎదురు చూస్తున్నట్టున్నారు. వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. పేడ వదిలిందా అని ఒకడు, బనీను కొనుక్కున్నావా అని ఒకడు. అల్లం బస్తా దింపి అమ్మేసి, మా ఆవిడ వచ్చి మా బండిలో తన పాతచోట కూర్చుంది. కిటికీ అద్దం దించింది. సంచి ఒళ్ళోనే పెట్టుకుంది, కింద పెట్టలేదు. వాళ్ళ ఊరి బస్సు రోడ్డుకి అటుపక్క ఆగి ఉంది.

పేడనీళ్ళకన్నా ఇది కష్టంగా ఉందంటే మీరు నమ్మరు. అక్కడ నేను ఒక్కరోజు అల్లుణ్ణి. ఇక్కడ రోజూ వచ్చి నిలబడాలి, వీళ్ళతోనే టీ తాగాలి, బండ్ల వరసలో నా వంతు కోసం వీళ్ళనే అడగాలి. ఒక టీ తాగాను. టైర్లు తన్ని చూశాను. అద్దం తుడిచాను. బస్సు కండక్టరు ఎక్కండి ఎక్కండి అని పిలవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ సంచి తాడు చేతికి చుట్టుకుంది.

ఇంజను స్టార్ట్ చేసి, దాన్ని అలాగే తిరగనిచ్చి, దిగి బానెట్ ఎత్తాను. ఎవరూ ఎత్తమనలేదు. పాత డ్రైవరు గ్లాసు పట్టుకుని వచ్చాడు. వెనకే మిగతావాళ్ళు. నీలంగళ్ళు, ఎర్రతువ్వాలు, చేతిరుమాలు, బనీను. అందరూ వీడియోలో చూసినవే.

"మళ్ళా కట్టించినావా? ఎవులు కట్టినారురా ఇవి?" అన్నాడు ముసలాయన.

"మా ఆవిడ" అన్నాను. "మొన్నటివి కూడా ఆవిడే కట్టింది. నేనే అబద్ధం చెప్పాను."

అన్నాననే అనుకున్నాను. నా మాట నాకే వినబడలేదు. ముసలాయన ముఖం ముందుకు పెట్టి చూశాడు. కిటికీలోంచి మా ఆవిడ మాట వచ్చింది.

"ఇంజను మోతలో ఇనబడలేదు."

మోత ఎక్కడుంది? ఇంజను ఎంత నెమ్మదిగా తిరుగుతోందంటే పక్కకొట్లో గ్లాసుల్లోకి టీ పోస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను గొంతు సవరించుకున్నాను. మొదట్నుంచి మళ్ళీ చెప్పాను, ఈసారి రోడ్డుకి అటుపక్క బస్సులోవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. మా ఆవిడ సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.